కాయలో పురుగు వేరు, కొమ్మలో పురుగు వేరు



తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈరోజు నువ్వుగింజ కన్నా చిన్న పురుగు గురించి మాట్లాడుకుందాం. చిన్నదే గానీ, కాఫీ మీద బతికే మన ఇళ్లను కుదిపేయగలదు.

బెర్రీ బోరర్ అంటున్నారే, కాఫీ కాయ తొలిచే పురుగు, అది మన నేలది కాదు. దాని పుట్టిల్లు ఆఫ్రికా. మన దేశంలో 1990లో నీలగిరుల్లోని గూడలూరు దగ్గర మొదట కనిపించింది. 2025లో అరకు లోయకొచ్చింది.

అయితే తొలిచే పురుగులు మన తోటలకు కొత్త కాదు. పాతదాన్ని చూసి కొత్తదనుకుంటే మంచి కాయ ఊరికే పోతుంది. కొత్తదాన్ని చూసి పాతదే కదా అని వదిలేస్తే కొండంతా పాకుతుంది. అందుకే తేడా తెలియాలి.

తెల్ల కాండం తొలిచే పురుగుని గుర్తుపట్టడం తేలిక. సన్నగా, పొడవుగా, నల్లటి ఒంటి మీద తెల్ల చారలతో ఉంటుంది. దాని పిల్ల కాండం లోపల తింటుంది. ఎండ తగిలే అరబికా మొక్కలనే ఎక్కువ పడుతుంది. కాబట్టి నీడ చెట్లు కొట్టొద్దు.

చిక్కంతా రెండో దానితోనే. రెమ్మను తొలిచే షాట్‌హోల్ బోరర్ అనే పురుగు ఆసియాదే. అదీ నల్లగా, 2 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. బెర్రీ బోరర్ పక్కన పెడితే కంటికి రెండూ ఒకటే. అందుకే పురుగుని కాదు, రంధ్రాన్ని చూడండి. రెమ్మ అడుగున సూదిమొన బెజ్జం ఉండి, ఆకులు వాలి రెమ్మ ఎండితే అది పాతది. కాయ కొసన, పువ్వు రాలిన బొడ్డు దగ్గర బెజ్జం ఉంటే ఆ కాయ కోసి చూడండి. గింజలో తెల్ల పిల్లలుంటే అది కొత్తదే.

అప్పుడేం చేయాలి? చెట్టు మీదా నేల మీదా ఒక్క కాయ మిగలనివ్వొద్దు, మిగిలిన కాయే దాని ఇల్లు. పట్టిన కాయని మరిగే నీళ్లలో 2-3 నిమిషాలు ముంచండి. ఆ తోట గోనెసంచులు ఇంకో ఊరికి పంపొద్దు.

ఇంకొక్క మాట. కాయ దూసి పూడ్చమని అధికారులు చెబితే సహకరిద్దాం, పురుగు ఆగాలి కదా. కానీ ముందు గ్రామసభలో చెప్పించండి. కాయ తూకం వేయించి, రైతు పేరు, కిలోలు కాగితం మీద రాయించండి. రేపు పరిహారం అడగడానికి ఆ కాగితమే మన చేతిలో ఆధారం.

చదువుకున్న పిల్లలు మీరే. ఈ వారమే మీ ఊరి తోటల్లోకి వెళ్లండి. పెద్దవాళ్లకి ఆ బెజ్జం చూపించండి.