పాత లాప్‌టాపు – క్రొత్త కరణము



2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10కి మైక్రోసాఫ్టు కంపెనీవారి సాధారణ పోషణ ముగిసినది. తరువాతిదియగు విండోసు 11ను నియమానుసారముగ వేసికొనుటకు టీ.పీ.ఎం. 2.0 అను భద్రతా సాధనమును, కంపెనీవారి జాబితాలో చోటున్న ప్రాసెసరును ఉండవలెను. ఇంటెలు ప్రాసెసర్లలో ఎనిమిదవ తరమునకు ముందువి, ఏవో కొన్ని తప్ప, ఆ జాబితాలో లేవు. అనగా 2016లో కొన్న లాప్‌టాపు, మీటలు బాగున్నను, తెర బాగున్నను, వెలివేయబడినట్లే.

మదనపల్లె ప్రాంతమున ఈ మాటకు బరువు ఎక్కువ. ఇచటి మార్కెట్టులో టమోటా ధర 2023 జూలైలో కిలో రెండువందల రూపాయల చేరువకు పోయినది. ఆ ధర నిలుచునది కాదని ఎఱుగని రైతు లేడు. పంట కలిసివచ్చిన యేట కుమారుని చదువునకని కొన్న యంత్రమును, కూలిఖర్చులైనను రాని యేట మార్చుమన్న ఏ తండ్రి మార్చగలడు? కుమారుడేమో అందులో పాఠములతోపాటు ఆటలును ఆడవలెననును. ఆ కోరిక చిన్నదే. దానికై నలువది వేలో ఏబది వేలో అప్పు చేయుట మాత్రము చిన్నది కాదు.

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా నేమి? ఊరిలో పొలములున్నవి, చెరువున్నది, రైతులున్నారు. ఎవరి పొలమెంత, ఎవరి నీటివంతు ఎప్పుడు అనునది లెక్కలలో ఉంచి నడుపువాడు కరణము. ఆంధ్రప్రదేశమున కరణీకములు 1984లో రద్దయినవి గాని ఆ పని రద్దు కాలేదు. లాప్‌టాపులో మెమొరీయే పొలము, ప్రాసెసరు కాలమే చెరువునీరు, ప్రోగ్రాములే రైతులు. కరణము మారినంతమాత్రమున పొలము మారదు. విండోసు కాదన్న పొలమును లినక్సు సాగుచేయించగలదు.

లినక్సు 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించినది. మనకది దూరపు చుట్టము కాదు. తెలుగునాట స్వేచ్ఛ అను సంస్థ 2005 నుండి స్వేచ్ఛా సాఫ్టువేరును ప్రచారము చేయుచున్నది. కుప్పము పొలిమేర దాటిన తమిళనాడు. అచట 2011లో మొదలైన ఉచిత లాప్‌టాపు పథకపు యంత్రములలో విండోసుతోపాటు సీ-డాక్ సంస్థవారి బాస్ లినక్సును ఉండెడిది. అయితే విండోసుకై వ్రాసిన ఆటలు ఆనాడు లినక్సులో సులువుగ నడిచెడివి కావు. బాలురకు అదియే పెద్ద లోటు.

ఆ లోటు తీర్చినది ఒక దుబాసి. కుప్పము సంతలో తెలుగు, తమిళము, కన్నడము మూడును వినవచ్చును. కన్నడిగుడు బేరమాడినచో నడుమ నిలిచి తెలుగు రైతునకు తెలియజెప్పువాడు ఎవడో ఒకడుండును. ఆట విండోసు భాషలో అడుగును. లినక్సునకు ఆ భాష రాదు. 1993లో ఆరంభమైన వైను అను సాఫ్టువేరు నడుమ నిలిచి చెప్పుచున్నది. దానికి మెఱుగులు దిద్ది వాల్వ్ కంపెనీవారు 2018 ఆగస్టులో ప్రోటాన్ అను పేర విడుదల చేసిరి. 2022లో వారు స్టీము డెక్కు అను చేతియంత్రమును స్టీము ఓఎస్ అను తమ లినక్సుతో అమ్మిరి. వేలకొలది ఆటలు ఆ విధముగ నడువజొచ్చినవి.

సాధారణ లాప్‌టాపులకు అట్టి ఏర్పాటు కలిగించు వానిలో బజైటు ఒకటి. ఫెడోరా లినక్సుపై కట్టబడి 2023లో వెలువడినది, వెల లేదు. స్టీము, దుబాసి సరంజామా ముందే అమర్చియుండును. దీని ముఖ్యగుణము మఱొకటి. నవీకరణ వచ్చినపుడు పాతప్రతిని చింపివేయదు. క్రొత్తది నడువనిచో ఆరంభపు పట్టికలో పాతదానిని ఎన్నుకొనవచ్చును. నిరుటి దస్త్రమును కట్టగట్టి అటకపై పెట్టుట వంటిది.

అయితే వయస్సు చూడవలెను. ప్రోటాన్ చాలవఱకు చిత్రములను వల్కన్ అను పద్ధతిలోనికి మార్చి గీయించును. ఇంటెలు నాల్గవ తరము, అంతకు ముందటి గ్రాఫిక్కులు ఆ పద్ధతిని సరిగా ఎఱుగవు. మెమొరీ ఎనిమిది జీబీ ఉండిన మేలు. కనుక 2016 నాటి యంత్రమునకు బజైటు పెట్టి చూడవచ్చును. 2011 నాటి ఉచిత యంత్రముపై ఆ బరువు మోపరాదు. దానికి బటోసెరా అను మఱొకటి కలదు. పుంగనూరు పొట్టి ఆవు వంటిదది. కొద్ది మేతతో బ్రతుకును. పాత వీడియోగేము పెట్టెల ఆటలను ఆడించును, పెన్‌డ్రైవు నుండియే నడచును, లోపలి డిస్కును ముట్టదు. ఆటల ప్రతులు న్యాయముగ సంపాదించుకొనుట మాత్రము ఆడువాని బాధ్యత.

బజైటు వేయు విధము కష్టము కాదు, తొందర కూడదు. స్థాపించునపుడు డిస్కు మొత్తము చెరుపుమన్నచో చెరిపివేయును. అందులో కుమారుని ప్రాజెక్టుతోపాటు తాతగారి ఫోటోలు, పాసుపుస్తకపు నకళ్లు ఉండవచ్చును. ముందుగా అన్నిటిని వేరొక డిస్కులోనికి ఎత్తి, తెఱచి చూచి, అటుపిమ్మటనే చేయి వేయవలెను. ఎత్తితినని తలచుట వేఱు, తెఱచి చూచుట వేఱు. పదునాఱు జీబీలకు తక్కువ కాని పెన్‌డ్రైవుపై బజైటు ప్రతిని వ్రాయవలెను. ఆ పెన్‌డ్రైవులోనిదియు పోవును. లాప్‌టాపు ఆరంభించునపుడు ఎఫ్12 గాని, కంపెనీని బట్టి వేరొక మీట గాని నొక్కి పెన్‌డ్రైవును ఎన్నుకొనవలెను. సెక్యూర్ బూట్ అను కాపలా ఉన్నచో నీలితెర వచ్చి తాళపుచెవి నమోదు చేయుమనును. అందులకు బజైటువారు చెప్పిన సంకేతము యూనివర్సల్‌బ్లూ. ఆంగ్లమున చిన్న అక్షరములతో, ఎడము లేక కొట్టవలెను. దాని ముందు బెదరి యంత్రము ఆపివేయ పనిలేదు.

అన్ని ఆటలును నడచునని చెప్పుట అబద్ధము. వేలరెంట్ వంటివి మోసగాండ్రను పట్టుటకు విండోసు లోతులలో కాపలా పెట్టును; అవి లినక్సున నడువవు. అదే ఆట కావలెనను బాలునికి ముందే చెప్పవలెను, లేనిచో ఇంట యుద్ధమగును. డోటా 2 వంటివి లినక్సుకై వ్రాసినవే, రుసుము లేక ఆడవచ్చును.

గ్రంథాలయమున ఆటల ప్రసంగమేమని పెద్దలడుగవచ్చును. చతురంగమును తప్పు పట్టినవారు అరుదు. సభాపర్వమున ధర్మరాజును ముంచినది ఆట కాదు, పణము. డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను ఆంధ్రప్రదేశము 2020లో నిషేధించినది; పార్లమెంటు సైతము 2025 ఆగస్టులో చట్టము చేసినది. బాలుడు ఏ ఆట ఆడుచున్నాడో ప్రక్కన కూర్చుండి ఒకపరి చూచిన ఆ భేదము పెద్దలకే తెలియును.

ఇంకొక్క సంగతి. బజైటులో డెస్కుటాపు పద్ధతియు కలదు. అమరికలలో తెలుగు మీటల వరుసను చేర్చుకొనవచ్చును, లిబ్రెఆఫీసును ఉచితముగ దింపుకొనవచ్చును. గ్రంథాలయపు సభ్యుల పట్టికను అదే యంత్రముపై వ్రాసికొనవచ్చును, ఆడుచున్న బాలుడు లేచిన పిదప.