డైరీ వెనక పేజీలు

కొత్త డైరీ చేతికి రాగానే అందరం జనవరి 1 పేజీ తెరుస్తాం. ఈసారి వెనక నుంచి తిప్పి చూడండి.

చాలా డైరీల్లో అక్కడ కొలతల పట్టిక ఉంటుంది. పొలమో స్థలమో కొనేవాళ్లకు అది నిజంగా అక్కరకొస్తుంది. ఎకరమంటే 4,840 చదరపు గజాలు. ఆంధ్రలో దాన్ని 100 సెంట్లుగా లెక్కగడితే, తెలంగాణలో 40 గుంటలంటారు. సెంటుకు 48.4 గజాలు, గుంటకు 121. గుంటూరు నుంచి వచ్చిన చుట్టం హైదరాబాద్ శివార్లలో 5 గుంటలు బేరమాడుతుంటే, అది 605 గజాలనీ, పన్నెండున్నర సెంట్లనీ అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.

ఎస్టీడీ కోడ్ల పట్టికతో సెల్‌ఫోన్లు వచ్చాక పెద్దగా పనిలేదు. వచ్చే ఏడాది క్యాలెండర్ మాత్రం పెళ్లి పెట్టుకున్న ఇంట్లో బాగా నలుగుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి చివరి ఖాళీ కాగితాలు. తేదీతో పనిలేని సంగతులన్నీ అక్కడ రాసుకోవచ్చు: గ్యాస్ కనెక్షన్ నంబరు, కరెంటు సర్వీసు నంబరు, ఇంట్లోవాళ్ల బ్లడ్ గ్రూపులు, అమ్మ వేసుకునే బీపీ మాత్ర పేరు, మోతాదు. డాక్టరు మాత్ర మారిస్తే పాతది కొట్టేసి, పక్కన తేదీ వేయండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, సైబర్ మోసాలకు 1930 పెద్ద అంకెల్లో రాయండి. ఏటీఎం పిన్, పాస్‌వర్డులు మాత్రం దయచేసి అక్కడ రాయొద్దు. ఆ డైరీ ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి కదా.