ఆర్మూర్ పసుపు: పేరు విత్తనానికే, ప్యాకెట్‌కి లేదు

ఇవాళ ముచ్చట ఆర్మూర్ పసుపు గురించి. కానీ ముందు ఒక్క నిమిషం ఇటలీకి పోయొద్దాం. అక్కడ బరోలో అని ఓ ఊరుంది. ఆ చుట్టుపక్కల నెబ్బియోలో అనే నాటు ఎర్ర ద్రాక్ష పండిస్తారు. దాంతో చేసే వైన్ పేరు కూడా బరోలోనే. బయటి ద్రాక్షతో చేసి ఆ పేరు పెడితే చట్టం ఒప్పుకోదు.

ఇక మన దగ్గర. ‘ఆర్మూర్’ అంటే ఊరే కాదు, పసుపులో ఒక నాటు రకం కూడా. విత్తన దుంపను రైతులు తమ పంటలోంచే దాచుకుంటారు. జూన్‌లో పెడితే తవ్వేదాకా దాదాపు తొమ్మిది నెలలు. ఆ తర్వాత ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, డ్రమ్ములో పాలిష్ పట్టాలి.

మందులు కొట్టకుండా పండించేవాళ్లకు అసలు భయం దుంపకుళ్లు. చేన్లో నీళ్లు నిలిచాయా, ఇక అంతే. అందుకే ఎత్తు బెడ్లు, వేపపిండి, పశువుల ఎరువులో కలిపిన ట్రైకోడెర్మా. ఇంత చేసి యార్డుకి తెస్తే? అక్కడ చూసేది కాడియా గోళా, తేమెంత, రంగెలా ఉంది అని. మందు కొట్టలేదన్నది కంటికి కనబడదు కదా! కొంత సరుకు మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోతుంది. అక్కడ ఎన్నో ఊళ్ల పసుపులో మన పసుపూ ఒకటి.

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 170 మందికి పైగా రైతులు పోటీకి దిగారు, గుర్తుందా? అడిగింది మద్దతు ధర, పసుపు బోర్డు. బోర్డు 2025 జనవరిలో మొదలైంది. మంచిదే. నేనైతే బోర్డును ఇంకొకటి అడుగుతా: మందుల్లేని నాటు పసుపును యార్డులో వేరే కుప్ప పోయించండి, వేలం కూడా వేరేగా పెట్టండి.

సరే, వంటింట్లోకెళ్లి మీ పసుపు ప్యాకెట్ తిప్పి చూడండి. ఏ ఊరి పంటో రాసుందా?