పక్షవాతం తర్వాత పాదాల వాపు

యువజన కూటంలో పాదాల వాపు గురించి మాట్లాడటం ఏమిటని ముందు వరుసలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. కానీ ఆ పాదాలు ఉన్నది మన ఇళ్లలోనే.

కాలూ చెయ్యీ పడిపోయినవారిని చూడబోతే మాట ఎలా ఉందో చూస్తాం, చెయ్యి లేస్తుందా అని అడుగుతాం, ప్రార్థన చేసి వస్తాం. పాదం వైపు చూడం. నేనూ చూడలేదు. మన సంఘంలో ఒక పెద్దాయన, గనుల్లో పనిచేసినవారు. 2001లో కేజీఎఫ్ గనులు మూతపడ్డాక ఇక్కడివాళ్లు ఎంతమంది పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పనులకు పోతున్నారో మీకు తెలుసు. ఆయన కొడుకూ కోడలూ అంతే. వెళ్లేముందు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టేవారు. మళ్లీ మంచం ఎక్కించేది రాత్రికే. పగలంతా కాళ్లు కిందికి వేలాడుతూ ఉండేవి. పడిపోయిన వైపు పాదం వాచింది.

“నీరు పట్టింది అయ్యగారూ” అన్నారు.

“తగ్గిపోతుంది లెండి తాతగారూ” అన్నాను.

నాలుగు రోజులకు పిక్క కూడా వాచి వేడెక్కింది. కోడలు నూనె రాసి గట్టిగా మర్దన చేస్తుంటే, నర్సుగా పనిచేసే మన అక్క ఒకరు చూసి ఆపించారు. స్కాన్‌లో సిరలో రక్తం గడ్డకట్టినట్టు తేలింది. ఆయన బతికారు. నా మాట నమ్మి కూర్చునుంటే ఏమయ్యేదో!

నడిచేటప్పుడు పిక్క కండరం సిరలను పిండి రక్తాన్ని పైకి నెడుతుంది. ఆ కండరం పనిచేయక, కాలు వేలాడుతూ ఉంటే నీరు పాదంలో దిగుతుంది. ఎక్కువగా కనిపించే వాపు ఇదే. కాలు స్టూలు మీద దిండు వేసి చాపాలి. పడుకున్నప్పుడు దిండు పిక్క కింద ఉండాలి, మడమ ఒత్తుకోకూడదు. పాదాన్ని మెల్లగా పైకీ కిందికీ కదపాలి. ఫిజియోథెరపిస్టు చెప్పినంత మేర నిలబెట్టాలి, నడిపించాలి. స్పర్శ లేని కాలికి వేడి కాపడం వద్దు, చర్మం కాలినా వారికి తెలియదు. బిగుతు మేజోళ్లు కూడా సొంతంగా కొనకండి. తొడదాకా వేసే మేజోళ్లు పక్షవాత రోగుల్లో గడ్డలను తగ్గించలేదనీ, చర్మానికి పుండ్లు తెచ్చాయనీ 2009లో క్లాట్స్ అనే పెద్ద పరిశోధన తేల్చింది.

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క వేడెక్కినా, రంగు మారినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నొప్పి లేదు కదా అనుకోవద్దు, స్పర్శ లేనివారికి నొప్పి తెలియకపోవచ్చు. మర్దన అసలే వద్దు. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు, 108కి ఫోన్ చేయండి. రెండు పాదాలూ వాస్తే గుండె, కిడ్నీ చూపించాలి. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వల్ల కూడా వాయొచ్చు. అయినా డాక్టరును అడగకుండా మాత్ర ఆపకండి. బీపీ పెరిగితే మళ్లీ పక్షవాతం రావచ్చు.

ఆ కోడల్ని తప్పుపట్టకండి. ఆమె పని మానితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పక్షవాతం మిగిల్చిన వైకల్యానికి 2016 చట్టం కింద ధ్రువపత్రం అడగొచ్చు. 40 శాతం, ఆపైన ఉంటే పథకాలకు దారి దొరుకుతుంది. యూడీఐడీ కార్డు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. రోజంతా ఫోన్ పట్టుకునే మీకు అదెంత పని?

బయట బల్ల మీద నోటు పుస్తకం పెట్టాను. మధ్యాహ్నం ఒక గంట వెళ్లి, కుర్చీలో ఉన్నవారి కాలు ఎత్తిపెట్టి, కాసేపు కబుర్లు చెప్పి రాగలిగినవారు పేరు, వారం రాసి వెళ్లండి. సోమవారం నాది, రాసేశాను.