గణితములో ఏ పట్టము?



ఎం.పి.సి.తో ఇంటర్మీడియటు ముగించిన బాలిక మీ యింటికి వచ్చి, "పెదనాన్నగారూ, ఇంజనీరింగు నాకు వద్దు, లెక్కలే చదువుతాను. ఎక్కడ చేరమంటారు?" అని అడిగినచో, ఏ డిగ్రీ అయిన నొకటేనని పంపివేయవలదని మా మనవి.

సమీప కళాశాలలో గణితము ప్రధానముగా బి.ఎస్‌సి. దొరకును. పిమ్మట బి.ఇడి. చదివి ఉపాధ్యాయిని కావచ్చును; అది చిన్న మార్గము కాదు. భారత సంఖ్యాశాస్త్ర సంస్థవారు కలకత్తాలో బి.స్టాట్., బెంగుళూరులో బి.మాథ్. పట్టములు కూడ ఇచ్చుచున్నారు.

కొన్ని మడులు మాత్రమే కోసి, తూచి, ఊరంతటి దిగుబడిని అంచనా కట్టుట మీరు చూచియున్నారు. ఎన్ని మడులు కోసిన చాలును, తప్పు ఎంతవరకు ఉండవచ్చును అని తేల్చునది సంఖ్యాశాస్త్రము, బి.స్టాట్.లో దానికే ప్రాధాన్యము. వర్గసమీకరణ సూత్రమును వాడి ఊరకుండక, అది ఎట్లు వచ్చెనని వేధించు పిల్లకు బి.మాథ్. తగును. ఒకటి ఎన్నుకొనిన రెండవది మూతపడదు: సి.ఆర్. రావుగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన తరువాతనే, 1943లో కలకత్తా విశ్వవిద్యాలయమున సంఖ్యాశాస్త్రములో ఎం.ఏ. పట్టము పొందిరి.

ఆ సంస్థ ప్రవేశపరీక్షలో సమాధానము గుర్తించుట చాలదు, ఋజువును వివరించి వ్రాయవలెను. వేగమునకే అలవాటుపడిన మన పిల్లలు ఇక్కడ తడబడుదురు. దూరమని తల్లి జంకినచో వసతిగృహము కలదని చెప్పుడు. దరఖాస్తు గడువు మాత్రము ఇంటరు పరీక్షల హడావుడిలోనే వచ్చిపోవుచుండును.