భీముని కొలనునుండి కైలాసద్వారము వరకు



మా ఊరు గట్టు. ఆ మాటకు కొండయను అర్థము కూడ కలదు. అయినను కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన నడిగడ్డలో గుట్టలే కాని పెద్ద పర్వతములు లేవు. కొండయెక్కుట యెట్టిదో తెలియవలెనన్న మనవారు నల్లమలకు పోవలసినదే. నిరుడు ఉగాదికి ముందు మేము తొమ్మిదిమందిమి శ్రీశైలమునకు కాలినడకను పోతిమి. ఆ యాత్రలో మిక్కిలి కఠినమైన యొక దినమును గూర్చి నేడు మనవి చేసెదను.

శ్రీశైలమునకు ద్వారములని పేర్కొనబడు క్షేత్రములు నాలుగు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. వీనిలో అలంపురము మన నడిగడ్డలోనిది. ఉమామహేశ్వరము నాగర్‌కర్నూలు సీమలోనిది. మేము అలంపురమున జోగులాంబకు మ్రొక్కి, తుంగభద్ర దాటి, కర్నూలు, నందికొట్కూరులమీదుగా ఏడవనాటికి ఆత్మకూరు చేరితిమి. ఇది వనపర్తి వైపు ఆత్మకూరు కాదు, నంద్యాల సీమలోనిది. అచ్చట వెంకటాపురము దాటినంతనే అడవి మొదలగును. నాగలూటి వీరభద్రుని దర్శించి, ఆ రాత్రి పెచ్చెరువు కడ పండుకొంటిమి.

ఈ దారి క్రొత్తది కాదు. 1830లో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఆత్మకూరునుండి ఈ మార్గముననే శ్రీశైలమునకు పోయెను. ఏటేట ఉగాదికి కన్నడదేశపు భక్తులు వేలకొలది ఈ త్రోవనే నడతురు. భ్రమరాంబను వారు తమ యింటి ఆడుబిడ్డగా భావింతురు. కొందరు ఎత్తైన మరకాళ్లపై నిలిచి నడచుట మేము కన్నులార చూచితిమి.

మరునాడు వేగుచుక్క పొడిచిన వేళకే లేచితిమి. పెచ్చెరువునుండి కొంతదూరము దారి సుఖముగనే యుండును. పిదప రాతిమెట్లు లోయలోనికి దిగును. ఎక్కుటకంటె దిగుటయే తేలికయని పడుచువారు పలుకుదురు గాని, మోకాలి నొప్పిగలవారు ఆ మాట నమ్మరాదు. దేహభారమంతయు మోకాలిపైననే పడును. చేతికర్రను ముందు మెట్టున ఆనించి, అడ్డముగ అడుగువేసి దిగితిమి. లోయ అడుగున భీముని కొలను. అచ్చటి నీటిలో కాళ్లు తడుపుకొని, జొన్నరొట్టె తిని, నీడన విశ్రమించితిమి. ఎదుట నిలువుగోడవలె కొండ. దాని తలపై కైలాసద్వారము.

ఎండ వాలిన తరువాత ఎక్కుటకు మొదలిడితిమి. మాలో డెబ్బది యేండ్ల పెద్దయ్య యొకరుండిరి. సగము దూరమున ఆయనకు కన్నులు తిరిగినవి. చెమట ఆగిపోయినది, పెదవులు ఎండినవి. ప్రొద్దు వాలుచుండెను. అడవిలో చీకటిపడిన తరువాత నడచుట ప్రమాదకరము. కొందరు ముందు పోయెదమనిరి. పెద్దయ్యయు, “నన్నిడిసి పోండ్రి, నేను మెల్లగ వస్త” ననెను. మా గుంపునకు పెద్దయైన అవ్వ మాత్రము అంగీకరించలేదు. “తొమ్మిదిమందిమి వచ్చినం, తొమ్మిదిమందిమి ఎక్కుదం” అని ఆమె అచ్చటనే కూర్చుండెను. మరి యెవరు కదలగలరు?

ఆయనను నీడకు చేర్చి, తలపాగ సడలించి, తడిగుడ్డతో మెడయు ముఖమును తుడిచి, నీరు గుక్కగుక్కగా త్రాగించితిమి. ఇరువురు పడుచువారు మూటలు దించి పైకి పరుగెత్తి, కన్నడ భక్తులు పంచుచున్న ఉప్పుమజ్జిగ తెచ్చిరి. అరగంటకు ఆయనకు తెలివి కుదిరినది. అటుపై ఆయననే ముందు నడిపించితిమి. ఆయన పది మెట్లెక్కి నిలిచిన మేమును నిలిచితిమి. ఆయన కూర్చున్న మేమును కూర్చుంటిమి. ఇంకను వెలుతురుండగనే తొమ్మిదిమందిమి కైలాసద్వారము చేరితిమి. అచ్చట రాత్రి గడపి, తెల్లవారినపిదప హాటకేశ్వరము మీదుగా మల్లికార్జునుని సన్నిధికి పోతిమి.

14వ శతాబ్దమున అద్దంకి రాజధానిగ ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెనని చరిత్రకారులు చెప్పుదురు. బలవంతుడు బండలు పట్టుకొనియైనను కొండయెక్కగలడు. మెట్లు వృద్ధులకొరకు, స్త్రీలకొరకు, బిడ్డలనెత్తుకొన్న తల్లులకొరకు కట్టినవి. కావున ఆ మెట్లపై నడచువారు అశక్తుని విడిచి పోవుట, కట్టించినవాని ఉద్దేశమునే కాలరాచుట యగును.

ఊరి పెద్దలకు నా విన్నపమిది. మీ ఊరినుండి యాత్రకు పోవువారిలో మెల్లగ నడచువారిని ముందు నిలుపుడు. ఎండ ముదిరిన వేళ ఎక్కనీయకుడు. గుండెజబ్బు గలవారు వైద్యుని అడుగక బయలుదేరరాదు. దప్పి పుట్టకముందే నీరు త్రాగవలెనని చెప్పుడు. ఆ యడవి నేడు పులులకు రక్షితస్థానము. అటవీశాఖవారు అనుమతించిన పండుగ దినములందే పోవలెను. ప్లాస్టిక్కు సీసాలను అచ్చట పారవేయక తిరిగి తేవలెను.

బస్సులున్న యీ కాలమున నడచుట యెందులకని కొందరడుగుదురు. బస్సులో ప్రక్కవాని అలసట మనకు తెలియదు. కొండపై అది తెలియును. తెలిసినవాడు నిలువక తప్పదు. ఆ నిలుచుటను మన పిల్లలు నేర్చినచో ఊరికి మేలు.

సెలవు.