ఎరువు సొమ్ము

 

నన్ను సాహిత్యం గురించి మాట్లాడమన్నారు. ముందు నా దొంగతనం ఒకటి ఒప్పుకోవాలి. తొమ్మిదో తరగతిలో మన గోడపత్రికలో నా కవిత వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ నడక, ఆ ఆవేశం శ్రీశ్రీ 'మహాప్రస్థానం'లోంచి ఎత్తుకొచ్చినవే. అక్కడక్కడ మాటలు మార్చాను, అంతే.

తెలుగు మాస్టారు కనిపెట్టారు. తిట్టలేదు. బడి వదిలాక వరండాలో కూర్చోబెట్టి గజేంద్రమోక్షం తీశారు. "ఈ కథ పోతన పుట్టించింది కాదురా, వ్యాసుడిది. మరి పోతన దొంగా?" అన్నారు. నేను నోరు మెదపలేదు.

సంస్కృతంలో ఏముందో ఆయనే చెప్పారు. ఏనుగు మొర విని విష్ణువు చక్రం ధరించి గరుత్మంతుడి మీద వస్తాడు. దేవుడు రావలసిన తీరులోనే వస్తాడు. పోతన దగ్గరికొచ్చేసరికి వైకుంఠంలో ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఆలుమగలు కనిపిస్తారు. మొర వినపడగానే ఆయన భార్యకు చెప్పడు, శంఖచక్రాలు అందుకోడు, గరుడుణ్ని పిలవడు, చేతిలో ఉన్న ఆమె కొంగైనా వదలడు. పరుగే. వెనక లక్ష్మి, ఆమె వెనక అంతఃపురం, ఆ వెనక గరుడుడూ ఆయుధాలూ. అడగాలా వద్దా అని లక్ష్మి పడే తడబాటును దాదాపు అన్నీ లఘువులే ఉన్న కందంలో పెట్టాడు. పైకి చదివితే ఆ చిన్న చిన్న అడుగులు వినిపిస్తాయి.

ఆయుధం లేకుండా వెళ్లి ఏం చేస్తాడని శ్రీనాథుడు ఎగతాళి చేశాడనీ, పోతన బావిలో రాయి పడేసి నీ బిడ్డ పడ్డాడని కేకేస్తే ఆయన ఉత్తచేతులతో పరుగెత్తాడనీ ఓ కథ ఉంది. జరిగిందో లేదో గానీ, నాకది మంచి విమర్శగానే తోస్తుంది. వ్యాసుడి కథలోకి పోతన తెచ్చింది ఆ కంగారునే.

మాస్టారు పుస్తకం మూశారు. "శ్రీశ్రీ దగ్గర తెచ్చుకున్నావు, సరే. అందులో మన ఊరేదిరా? మీ నాన్న ఏడిరా?"

మా నాన్న బట్టల కొట్లో గుమాస్తా. నా కవితలో ఉన్నవాళ్లంతా నేనెన్నడూ చూడని కార్మికులు.

ఇప్పటికీ ఎరువు తెచ్చుకుంటూనే ఉన్నాను. రావిశాస్త్రిని చదివిన వారం నా ప్రతి వాక్యంలోనూ ఒక ఉపమానం దూరుతుంది. తర్వాతి వారం కూర్చుని కొట్టేస్తాను. అన్నీ కొట్టెయ్యను. మా నాన్న మీటరు బద్దతో కొలిచి చూసి, సరిపోయినది ఉంచుకుంటాను.

ఒక బాకీ మిగిలింది. ఆ నెల గోడపత్రికలో ఒక్క కవితకే చోటుంది. నాది అతికించడానికి తీసేసింది మా బెంచీవాడిది. బడి గంట కొట్టే తాత మీద రాశాడు, అన్నీ సొంత మాటలే. వాడు మళ్లీ రాయలేదు. ఇవాళ మూడో వరుసలో కూర్చున్నాడు.

ఒరేయ్, ఆ కాగితం ఉంటే సావనీరుకు ఇవ్వరా. లేకపోతే గుర్తున్నంత చెప్పు, నేను రాసుకుంటాను. కింద నీ పేరే వేయిస్తాను.